ఫ్రీ గ్రాసిలిస్ తర్వాత ఫిజియోకి వచ్చే కాగితంలో ఏం ఉండాలి? తొడ కండరంతో మోచెయ్యి వంచే ఆపరేషన్ మీద చర్చ

ఫిజియో_గుంటూరు · సోమవారం, రాత్రి 8:10

అందరికీ నమస్కారం. రెండు ప్రశ్నలు. రెండూ నరాలు దెబ్బతిని చచ్చుబడిన చేతికి తొడ లోపలి గ్రాసిలిస్ కండరం తెచ్చిపెట్టి మోచెయ్యి వంచే ఆపరేషన్ (ఎఫ్‌ఎఫ్‌ఎంటీ) గురించే.

మొదటిది. ఆపరేషన్ అయిన ఆరు వారాలకి ఫిజియోకి వచ్చే కాగితంలో చాలాసార్లు ఒక్క ముక్కే ఉంటుంది: "ఎఫ్‌ఎఫ్‌ఎంటీ చేశాం, ఫిజియో మొదలుపెట్టండి." ఏ నరం కలిపారు? పైన ఎక్కడ బిగించారు, కింద దేనికి అల్లారు? మోచెయ్యి ఎంతవరకు చాపొచ్చు? ఇవేమీ తెలియకుండా ఆ చెయ్యి ముట్టుకోవడానికే భయం. పక్కటెముకల నరం కలిపితే ఊపిరి పీల్చినప్పుడు, భుజం ఎగరేసే స్పైనల్ యాక్సెసరీ నరం కలిపితే భుజం ఎగరేసినప్పుడు ఆ కండరం కదులుతుంది; నరం సంగతి తెలియకపోతే పేషెంటుని ఊపిరి పీల్చమనాలో, భుజం ఎగరేయమనాలో కూడా తెలియదు.

రెండోది. బండి మీంచి పడి చెయ్యి చచ్చుబడి 14 నెలలైన కుర్రాళ్ల ఇంట్లోవాళ్లకి "ఏడాది దాటింది, ఇక చేసేదేం లేదు" అని చెప్పి పంపేస్తున్నారు. ఇందులో నిజమెంత?

సర్జన్లు, మత్తు డాక్టర్లు, వార్డువాళ్లు ఎవరి ముక్క వాళ్లు చెబితే అంతా ఒకచోట ఉంటుంది.

సూక్ష్మదారం · రాత్రి 9:02

రెండోదానికి ముందు చెబుతా. ఆ మాట సగం నిజం. సొంత కండరానికైతే నిజమే, తెచ్చి పెట్టిన కండరానికి కాదు.

బండి మీంచి పడ్డప్పుడు తల ఒకవైపుకి, భుజం ఇంకోవైపుకి విరుచుకుపోతాయి. మెడ నుంచి చేతికి దిగే ఐదు నరాల వేర్లు, అంటే సీ5 నుంచి టీ1 దాకా, సాగుతాయి, తెగుతాయి, లేదా వెన్నుపాము దగ్గరే ఊడొస్తాయి. తెగిన నరం రోజుకి సుమారు 1 మి.మీ. పెరుగుతుంది. మెడ దగ్గర కలిపితే మోచెయ్యి వంచే కండరం బైసెప్స్ చేరడానికి పాతిక ముప్పై సెంటీమీటర్ల నడక, అంటే తొమ్మిది పది నెలలు. ఈలోగా నరం లేని కండరంలో మోటార్ ఎండ్ ప్లేట్లు, అంటే నరం కండరాన్ని పట్టుకునే చోట్లు, పాడైపోతూ ఉంటాయి. 12 నుంచి 18 నెలలు దాటాక నరం వచ్చినా అది పట్టుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు, కండరం కొవ్వూ నారా అయిపోతుంది. కాలువ చివరి భూములకి ఆలస్యంగా నీళ్లు వదిలినట్టే. నీళ్లు చేరేసరికి మడి ఎండిపోయి ఉంటుంది.

గ్రాసిలిస్ తేవడమంటే తూము పక్కనే పచ్చటి కొత్త మడి వేయడం. నిన్నటిదాకా తొడలో పనిచేసిన కండరం కాబట్టి దాని గడువు కోసిన రోజు నుంచే మొదలవుతుంది. పైగా నరాన్ని కండరానికి రెండు మూడు సెంటీమీటర్ల దగ్గరే కలుపుతాం. అందుకే 14 నెలలు కాదు, కొన్నేళ్లు గడిచినా చేయొచ్చు. కీలు బిగుసుకుపోకుండా ఉండాలి, ఇవ్వడానికి ఒక బతికున్న నరం కావాలి, రక్తం ఇచ్చే ధమని కావాలి. అవి ఉంటే చాలు.

దీనికి ఎదురు తప్పు కూడా జరుగుతోంది. నాలుగో నెలలో వచ్చిన, సీ5, సీ6 వేర్లు మాత్రమే పోయిన కేసుకి నేరుగా గ్రాసిలిస్ మాట ఎత్తడం. అరచెయ్యి, వేళ్లు పనిచేస్తున్నాయంటే వాటికి వెళ్లే అల్నార్ నరంలో ఒక చిన్న పాయ తీసి బైసెప్స్ నరానికి కలపొచ్చు. ఫ్రెంచ్ సర్జన్ ఒబెర్లిన్ 1994లో చెప్పిన పద్ధతి. సొంత బైసెప్స్ లేస్తుంటే తొడ జోలికెందుకు? ఆరు నెలల లోపు వస్తే నరాల దారి. తొమ్మిది నెలలు, ఏడాది దాటి వచ్చినా, ఐదు వేర్లూ ఊడిపోయినా, నరం కలిపి కూడా కండరం లేవకపోయినా అప్పుడు గ్రాసిలిస్.

ఈఎంజీ_గీతలు · రాత్రి 9:40

సార్ చెప్పిన "ఊడొచ్చిన వేరు" ఎలా కనిపెడతామో ఒక మాట, ఎందుకంటే ప్లాన్ అంతా దాని మీదే ఉంటుంది. వేరు ఊడిపోతే మెడ దగ్గర గ్రాఫ్టు (నరం ముక్క అతుకు) వేయడానికి మొదలే ఉండదు.

ఆ పక్క కనురెప్ప కాస్త వాలి, కంటిపాప చిన్నదై ఉంటే టీ1 ఊడినట్టు అనుమానించాలి. రెక్క ఎముక వెనక్కి లేచి ఉంటే వేరు మొదట్లోనే దెబ్బ. చెస్ట్ ఎక్స్‌రేలో ఆ వైపు డయాఫ్రం (ఊపిరి తీసే కండరపు పొర) పైకి ఉంటే దాన్ని కదిలించే ఫ్రెనిక్ నరం కూడా పోయింది. నరాల పరీక్షలో విచిత్రం ఏమిటంటే చెయ్యి పూర్తిగా మొద్దుబారి ఉన్నా సెన్సరీ (స్పర్శ) తరంగం మామూలుగా వస్తుంది. స్పర్శ కణాలున్న ముడి నరంతోనే ఉండిపోయి, దానికి పైన తెగింది కాబట్టి కింది తీగ చావదు. మెషీన్‌లో గీత బాగుంది కదా అని సంబరపడేది కాదు, అది చెడ్డ వార్త.

మూడు వారాల లోపు ఈఎంజీ (కండరంలో సూది పెట్టి కరెంటు గీతలు చూసే పరీక్ష) చేయించి డబ్బు తగలేయకండి. నరం కింది భాగం క్షీణించడానికే ఆ సమయం పడుతుంది, అంతకు ముందు సూది గుచ్చితే ఏమీ తేలదు.

పీజీ_మూడో_ఏడు · రాత్రి 10:15

సార్, గ్రాసిలిస్సే ఎందుకు? వీపు కండరం లాటిసిమస్‌ని కాడతోనే, అంటే దాని రక్తనాళాలు, నరం తెంచకుండా, తిప్పి పెడితే మైక్రోస్కోప్ పనే ఉండదు కదా?

సూక్ష్మదారం · రాత్రి 10:48

మంచి ప్రశ్న తమ్ముడూ. లాటిసిమస్ బాగుంటే తిప్పొచ్చు, తిప్పుతారు కూడా. కానీ దాని నరం సీ6, సీ7, సీ8 నుంచి వస్తుంది. ప్లెక్సస్ (ఆ ఐదు వేర్ల అల్లిక) దెబ్బలో అది కూడా సగం చచ్చి ఉంటుంది. ఒక కండరాన్ని చోటు మారిస్తే సాధారణంగా ఒక గ్రేడు బలం తగ్గుతుంది (కండరం బలాన్ని ఎం0 నుంచి ఎం5 దాకా గ్రేడుల్లో కొలుస్తాం). ఎం4 ఉన్నది తిప్పితే ఎం3 మిగులుతుంది, ఎం3 ఉన్నది తిప్పితే చెయ్యి లేవదు.

పక్కనున్న మంచి కండరాన్ని దారి మళ్లించడం మన దేశానికి కొత్త కాదు. కుష్ఠుతో వేళ్లు ముడుచుకుపోయిన చేతులకి వెల్లూరులో సర్జన్ పాల్ బ్రాండ్ చేసిన టెండన్ (కండరాన్ని ఎముకకి కట్టే తాడు) మార్పిడులు ప్రపంచమంతా నేర్చుకుంది. అక్కడ చేతిలో అరువివ్వడానికి మంచి కండరాలు మిగిలి ఉంటాయి. ఐదు వేర్లూ పోయిన చేతిలో అప్పిచ్చేవాడే లేడు, అందుకే కాలి దగ్గరికి వెళ్తాం.

ఈ దారి పడ్డ తీరు కూడా విను: 1970లో జపాన్‌లో తమాయ్ కుక్కల్లో చేసి కండరం మళ్లీ పనిచేస్తుందని చూపించారు. 1973లో షాంఘైలో ఛాతీ కండరాన్ని ముంజేతికి పెట్టారు. 1976లో జపాన్ సర్జన్ హరీ ముఖ పక్షవాతానికి గ్రాసిలిస్ వాడారు. 1978 నాటికి టొరంటోలో మాంక్‌టెలో వేళ్లు ముడవడానికి వాడారు. జపాన్ సర్జన్ డోయి అయితే రెండు తొడల గ్రాసిలిస్‌లూ తీసి, ఒకటి మోచెయ్యి వంచి వేళ్లు చాపడానికి, రెండోది వేళ్లు ముడవడానికి పెట్టారు.

గ్రాసిలిస్ సుగుణం దాని పొడవు. సన్నటి పట్టీలాంటి కండరం, ఎక్కువ దూరం ముడుచుకోగలదు, చివర పొడవాటి టెండన్ ఉంటుంది. తొడలో దాని పనికి పక్కన వేరే కండరాలు ఉన్నాయి కాబట్టి నడకకి లోటు రాదు.

పీజీ_మూడో_ఏడు · రాత్రి 11:05

తీసేటప్పుడు ఎక్కడ తప్పుతారో కూడా చెప్పండి సార్.

సూక్ష్మదారం · మంగళవారం, ఉదయం 6:20

మొదటి తప్పు కండరంతో పాటు తీసే చర్మం ముక్క గీయడంలోనే. కాలు కప్పలా పక్కకి వాల్చి, గజ్జ దగ్గర బిగుతుగా తగిలే అడక్టర్ లాంగస్ టెండన్‌ని వేలితో పట్టుకో. గ్రాసిలిస్ దాని వెనక ఉంటుంది. కొత్తవాళ్లు ముందుకు గీసేస్తారు, చర్మం అడక్టర్ మీద కూర్చుంటుంది, కండరం నుంచి వచ్చే రక్తం దానికి అందదు. లావుపాటి తొడ అయితే పడుకోబెట్టగానే చర్మం జారుతుంది, ఇంకా మోసం. అనుమానం ఉంటే మోకాలి లోపలి వైపు చిన్న కోత పెట్టి టెండన్ దొరకబుచ్చుకుని లాగు, పైన కదిలేదే గ్రాసిలిస్. అక్కడ సార్టోరియస్ ముందు, సెమిటెండినోసస్ వెనక, మధ్యది మనది. సఫీనస్ నరం అక్కడే పోతుంది, లాగేసి మోకాలి కింద తిమ్మిరి మిగల్చకు. చర్మం పై మూడో వంతులోనే నమ్మకం, కింది మూడో వంతు చర్మం మీద ఆశ పెట్టుకోవద్దు.

ప్రధాన రక్తనాళం జఘనాస్థి నుంచి 8 నుంచి 10 సెం.మీ. కింద కండరంలోకి వెళ్తుంది. ఒక ధమని, రెండు సిరలు. ధమని 1 నుంచి 2 మి.మీ. లావు. అడక్టర్ లాంగస్ కిందుగా లోపలికి వెంబడించాలి. దారిలో అడక్టర్‌కి వెళ్లే కొమ్మలు ఒక్కొక్కటీ క్లిప్ పెట్టుకుంటూ పోతే ఆరు సెంటీమీటర్ల దాకా కాడ వస్తుంది. తొందరపడి ఒక కొమ్మ చీల్చావో, ఆ రక్తంలో అసలు కాడ మీదే క్లిప్ పడుతుంది. గ్రాసిలిస్ నరం ఆబ్ట్యురేటర్ అనే తొడ నరపు ముందు కొమ్మ, రక్తనాళానికి కాస్త పైన ఏటవాలుగా దిగుతుంది. దాన్ని వీలైనంత పైదాకా తీసుకో, తర్వాత కత్తిరించుకోవచ్చు.

ఇప్పుడు అసలు సంగతి, బిగువు. కండరాన్ని కోయకముందు కాలు పక్కకి చాపి, మోకాలు తిన్నగా పెట్టి, కండరం మీద ప్రతి 5 సెం.మీ.లకీ ఒక సిల్కు కుట్టు వెయ్యి. కోసిన క్షణంలో కండరం ముడుచుకుపోయి ఆ 5 సెం.మీ. మూడు అవుతాయి. చేతిలో పెట్టాక మోచెయ్యి చాపి మళ్లీ కుట్టుకీ కుట్టుకీ 5 సెం.మీ. వచ్చేదాకా లాగు, టెండన్ మీద గుర్తు పెట్టు, ఆ తర్వాత మోచెయ్యి వంచి ఆ గుర్తు దగ్గరే బైసెప్స్ టెండన్‌లోంచి మూడు సార్లు దూర్చి అల్లు. కుట్టేసే ముందు స్కేలు పెట్టి చూసుకో, కంటితో అంచనా వేస్తే ప్రతిసారీ వదులే అవుతుంది. వదులైతే కండరం చర్మం కింద తుళ్లిపడుతుంది కానీ చెయ్యి లేవదు. బయటి నుంచి చూస్తే నరం పట్టింది, ఈఎంజీ బాగుంది, మరి ఎందుకు వంగడం లేదు అని తల పట్టుకుంటాం. ముడుచుకునే దూరమంతా వదులు లాక్కోవడానికే అయిపోయింది. మరీ బిగించినా కష్టమే, మోచెయ్యి చాచుకోదు.

వరస కూడా ముఖ్యం. పైభాగం కాలర్ బోన్ బయటి వైపుకి, అక్రోమియన్‌కి (భుజం కొన ఎముకకి) రంధ్రాలు చేసి లావు దారంతో గానీ యాంకర్లతో గానీ ముందు బిగించాలి. తర్వాత భుజం ముందు ఉండే థొరాకో అక్రోమియల్ రక్తనాళాలకి 9-0 లేదా 10-0 అనే అతి సన్నటి నైలాన్ దారంతో రక్తం కలపాలి. తర్వాత నరం. కింది టెండన్ ఆఖర్న, రక్తం పారి కండరం తన రంగులోకి వచ్చాకే. కోసిన దగ్గర్నుంచి రక్తం పారేదాకా రెండు గంటల లోపు ఉండేలా చూడు. చేతిలో నాళాలు, నరం సిద్ధం కాకుండా తొడలో కాడ కోయకు. చర్మమైతే కాస్త ఓర్చుకుంటుంది, కండరం ఓర్చుకోదు.

మత్తుగది · మంగళవారం, మధ్యాహ్నం 1:30

ఎనిమిది గంటలకి తగ్గని ఆపరేషన్ ఇది. మా వైపు నుంచి మూడు మాటలు.

కండరాలు సడలించే మందు ట్యూబు వేసేటప్పుడు ఒక్క డోసు, అంతే. తర్వాత సర్జన్ గారు స్టిమ్యులేటర్ (నరానికి చిన్న కరెంటు ఇచ్చే పరికరం) పెట్టి నరం వెతుక్కుంటారు. అప్పుడు మందు ఇంకా ఉంటే బతికున్న నరం కూడా చచ్చినట్టే కనిపిస్తుంది. స్టిమ్యులేటర్ పెట్టే ముందు నాలుగు దెబ్బల పరీక్ష (నరానికి వరసగా నాలుగు చిన్న కరెంటు దెబ్బలిచ్చి కండరం కదులుతోందా చూడటం) చేసి నాలుగూ పలుకుతున్నాయని చెప్పాకే మొదలుపెట్టమనాలి.

రెండోది చలి. ఓటీ (ఆపరేషన్ థియేటర్) ఏసీ 18లో పెట్టుకునే అలవాటు ఇక్కడ మానుకోవాలి. వెచ్చటి గాలి దుప్పటి, వెచ్చబెట్టిన సెలైన్, గది 24 పైన. ఒంట్లో వేడి తగ్గితే 1 మి.మీ. ధమని దారంలా బిగుసుకుంటుంది. బీపీ పడితే మందులతో లేపడానికి ముందు ద్రవాలు చూడాలి.

మూడోది పక్కటెముకల నరాలు తీసే కేసులు. పక్కటెముక కింది అంచున నరం విడదీసేటప్పుడు ఊపిరితిత్తి పొర చిల్లు పడొచ్చు. గాయంలో సెలైన్ పోసి మేము బ్యాగుతో ఊపిరి నిండుగా ఇస్తాం, బుడగలు వస్తే అక్కడే కుట్టు లేదా ట్యూబు. అదే వైపు ఫ్రెనిక్ కూడా పోయి డయాఫ్రం పైకి ఉంటే మేము ముందే అడ్డం చెబుతాం. ఇలా రెండు విధాలా శ్వాస దెబ్బ తినే పేషెంటుకి ఊపిరి పరీక్ష చూడకుండా ఒప్పుకోం.

వార్డు_సిస్టర్ · మంగళవారం, సాయంత్రం 5:10

మొదటి 24 గంటలు గంటకోసారి, తర్వాతి 24 రెండు గంటలకోసారి, ఆ పైన ఐదో రోజు దాకా నాలుగు గంటలకోసారి ఫ్లాప్ (తెచ్చిపెట్టిన కండరం, దాని మీది చర్మం) చూడాలి. నాళంలో రక్తం గడ్డ కట్టేవి ఎక్కువగా మొదటి రెండు మూడు రోజుల్లోనే.

చూసే పద్ధతి: టార్చి ఒకే బ్రాండుది, ఒకే వెలుతురులో చూడాలి. ట్యూబ్‌లైట్ కింద ఒకసారి, పొద్దున ఎండలో ఒకసారి చూసి రంగు మారిందంటే ఎవరూ నమ్మరు. వేలితో నొక్కి వదిలితే రెండు సెకన్లలో రంగు తిరిగి రావాలి. తెల్లగా, చల్లగా ఉండి రంగు ఆలస్యంగా వస్తే ధమని ఆగింది. నీలంగా, బిగుతుగా ఉండి నొక్కగానే ఠక్కున రంగు వస్తే సిర ఆగింది. సూది గుచ్చితే ధమని ఆగినప్పుడు ఏమీ రాదు, సిర ఆగినప్పుడు నల్లటి రక్తం బొటబొటా వస్తుంది.

ఇంకో మోసం. గ్రాసిలిస్ మీది చర్మం దాని అడుగున ఉన్న కండరం కథ అంతా చెప్పదు. చర్మం కింది సగం నల్లబడినా కండరం బాగుండొచ్చు, చర్మం బాగుండి కండరం చావొచ్చు కూడా. అందుకే ఓటీలోనే కాడ మీద డాప్లర్ (రక్తం పారే శబ్దం వినిపించే పరికరం) పలికే చోట ఒక కుట్టు వేసి పంపమని సర్జన్లని అడగండి. అర్ధరాత్రి డ్యూటీ మారిన సిస్టర్‌కి ఆ కుట్టే దారి చూపిస్తుంది.

డాప్లర్ శబ్దం పోతే "రౌండ్స్‌లో చెబుదాం" అనేది లేదు. ముందు డ్రెస్సింగ్ మొత్తం విప్పేయాలి, ఎండిన రక్తం పట్టిన గాజుగుడ్డ సిమెంటు కట్టులా బిగుస్తుంది. కుట్టు బిగిస్తే ఒకటి రెండు విప్పాలి. అప్పటికీ రాకపోతే నేరుగా ఓటీకి ఫోన్. మంచం పక్కన ఫ్యాన్ గాలి సూటిగా తగలకూడదు. చూడొచ్చిన బాబాయి బయటికెళ్లి బీడీ కాల్చి వచ్చి పేషెంటు మంచం మీద కూర్చుంటాడు, ఆయన్ని గుమ్మంలోనే ఆపాలి.

ఫిజియో_గుంటూరు · మంగళవారం, రాత్రి 8:30

సిస్టర్ గారూ, బాబాయి సంగతి భలే పట్టుకున్నారు. ఇప్పుడు మా ఊళ్ల దగ్గర జరిగేది: మూడో వారంలో చుట్టుపక్కల ఎక్కడో టెన్స్ మిషన్ (చర్మం మీంచి చిన్న కరెంటు ఇచ్చేది) పెట్టి, చెయ్యి చాపి వ్యాయామం మొదలుపెట్టేస్తారు. నా ఉద్దేశంలో ఇది తప్పు. ఎవరైనా ఒప్పుకోకపోతే చెప్పండి.

లీడ్స్_చేతిథెరపీ · మంగళవారం, రాత్రి 11:20

టెన్స్ దండగ. దాని పల్స్ 0.2 మిల్లీసెకన్ల ప్రాంతంలో ఉంటుంది, అది నరాన్ని కదిలిస్తుంది. నరం ఇంకా చేరని కండరానికి పొడవాటి పల్స్ కావాలి, 100 మిల్లీసెకన్ల లాంటిది. అంటే టెన్స్ పెట్టినప్పుడు పేషెంటుకి జివ్వుమంటుంది, గ్రాసిలిస్‌కి ఏమీ తెలియదు. పొడవాటి పల్స్‌తో ఆ కండరాన్ని కాపాడతామా అన్నది సర్జన్లు, థెరపిస్టులు ఇప్పటికీ వాదించుకునే సంగతే. చేస్తే మాత్రం సర్జన్‌ని అడిగి, కుట్లు అతికాకే.

మూడో వారంలో చాపడం వేరే ప్రమాదం. అప్పటికి టెండన్ అల్లిక దారం బలం మీదే నిలబడి ఉంటుంది, పైగా నరం కలిపిన చోట 10-0 కుట్లు రెండో మూడో, అంటే వెంట్రుక కంటే సన్నం. మేము వాడే వరస: ఆరు వారాల దాకా మోచెయ్యి 90 నుంచి 100 డిగ్రీల వంపులో, చెయ్యి ఒంటికి ఆనించి కట్టు. వేళ్లు, మణికట్టు రోజూ మనమే కదిలించి వదలాలి, లేదంటే అవి ముందు బిగుసుకుంటాయి. ఆరు వారాలు దాటాక వారానికి 10 నుంచి 15 డిగ్రీలు మాత్రమే చాపనివ్వాలి. అదీ హింజ్ (మడత బందు) ఉన్న బ్రేసు పెట్టి. చాపడానికి 30 డిగ్రీలు మిగిలిన దగ్గర ఆగి, 12 వారాల దాకా అక్కడే. చాపడం పూర్తిగా రాకపోతే పెద్ద నష్టం లేదు, టెండన్ తెగితే మొదటికొస్తుంది.

పక్కటెముకల నరం కలిపిన వాళ్లకి ఇంకో మాట. చెయ్యి పక్కకి లేపితే ఆ నరం సాగుతుంది. చొక్కా తొడిగేటప్పుడు ఇంట్లోవాళ్లు చెయ్యి పైకెత్తుతారు, అక్కడే తెగేది. ఆపరేషన్ అయిన చేతికి ముందు చొక్కా ఎక్కించి, తర్వాత మంచి చేతికి ఎక్కించాలని రాసివ్వండి. ముందు గుండీలున్న చొక్కాలే, టీషర్టులు వద్దు.

పీజీ_మూడో_ఏడు · బుధవారం, ఉదయం 7:15

పక్కటెముకల నరమా, స్పైనల్ యాక్సెసరీనా, ఏది మంచిది?

సూక్ష్మదారం · బుధవారం, రాత్రి 9:00

దీనిమీద ఇద్దరు సర్జన్లని అడిగితే మూడు జవాబులు వస్తాయి. స్పైనల్ యాక్సెసరీ బలమైన మోటార్ (కండరాన్ని కదిలించే) నరం, గ్రాఫ్టు లేకుండా కాలర్ బోన్ దగ్గర అందుతుంది. భుజం ఎగరేసే కండరం ట్రపీజియస్ పైభాగానికి వెళ్లే కొమ్మలు వదిలేసి కింది కొమ్మ మాత్రమే తీయాలి, లేకపోతే భుజం కూలబడుతుంది. కానీ మామూలుగా దాన్ని భుజం నిలబెట్టడానికి సుప్రాస్కాపులర్ నరానికి ఇచ్చేసి ఉంటాం. అప్పుడు పక్కటెముకల నరాలే మిగులుతాయి, రెండు మూడు కలిపి. వాటిలో స్పర్శ తీగలు కూడా ఉంటాయి కాబట్టి మోటార్ బలం తక్కువ. పక్కటెముకలు విరిగి చెస్ట్ ట్యూబు పెట్టిన చరిత్ర ఉంటే ఆ నరాలు దెబ్బతిని ఉండొచ్చు.

నా మొగ్గు యాక్సెసరీ వైపే, ఖాళీగా ఉంటే. భుజం గురించి ఆలోచించకుండా మోచెయ్యి ఒక్కటే చేయడం మాత్రం ఎప్పుడూ వద్దు. గ్రాసిలిస్ కాలర్ బోన్ నుంచి మోచేతి దాకా భుజం దాటుకుని పోతుంది. భుజం వేలాడుతుంటే కండరం బలమంతా భుజాన్ని ముందుకీ పైకీ లాగడానికే పోతుంది. నరంతోనో, కీలు అతికించో భుజం నిలబెట్టాలి. అలాగే మోచెయ్యి చాపే కండరం ట్రైసెప్స్ లేకపోతే వంగిన చెయ్యి మొహం మీదికొచ్చి పడుతుంది. డోయి అందుకే మూడో, నాలుగో పక్కటెముకల నరాలు ట్రైసెప్స్‌కి ఇచ్చారు.

ఈఎంజీ_గీతలు · బుధవారం, రాత్రి 9:35

కొత్త కండరానికి నరం పట్టిందా అని ఎప్పుడు వెతకాలో చెబుతా. మూడు నుంచి ఆరు నెలల మధ్య మొదటి సంకేతం. సూది పెడితే కంటికి కనిపించే కదలికకి కొన్ని వారాల ముందే కొత్త చిన్న యూనిట్లు (నరం పట్టిన కండర పోగుల సంకేతాలు) దొరుకుతాయి. పక్కటెముకల నరమైతే పేషెంటుని లోతుగా పీల్చమనండి, దగ్గమనండి. గీతలు ఆ ఊపిరితో పాటే లేస్తాయి. ఆరు నెలలకీ ఏమీ లేకపోతే మళ్లీ పిలిచి చూడాలి, తొమ్మిదికీ లేకపోతే సర్జన్‌కి చెప్పాలి.

లీడ్స్_చేతిథెరపీ · బుధవారం, రాత్రి 11:50

మొదటి చలనం దొరికాక పని ఇలా. కండరం మీద మూడు వేళ్లు పెట్టి, నరం బట్టి "పీల్చు" లేదా "భుజం ఎగరేయి" అనండి. వేలి కింద గట్టిపడితే ఎం1. అప్పుడే పేషెంటు చేతిని కూడా అక్కడ పెట్టించండి. "ఇదిగో ఇదే" అని వాళ్ల వేలికే తెలియాలి, మనం చెబితే నమ్మరు.

తర్వాత బరువు లేకుండా. భుజం ఎత్తున బల్ల, బల్ల మీద టాల్కం పౌడర్, ముంజేతి కింద నున్నటి గుడ్డ. చెయ్యి బల్ల మీద జారుతూ వంగాలి. ఒక్కసారికి ఐదు నుంచి పది, రోజుకి ఆరేడు విడతలు. ఒకేసారి వంద చేయించే థెరపిస్టులున్నారు. కొత్తగా నరం పట్టిన కండరం పదిహేనోసారికి అలిసిపోతుంది, ఆ తర్వాత పేషెంటు నడుం వెనక్కి వాల్చి, భుజం విసిరి చెయ్యి లేపడం నేర్చుకుంటాడు. ఆ దొంగ అలవాటు వదిలించడానికి ఆరు నెలలు.

గురుత్వాకర్షణకి ఎదురుగా పూర్తిగా వంగితే ఎం3. బరువుకి ఇంట్లో తూకం రాళ్లు కొననక్కర్లేదు, ముంజేతికి సంచీ వేలాడదీసి అందులో నీళ్ల సీసా. పావు లీటరు పోస్తే పావు కిలో. రెండు వారాలకోసారి వంద మిల్లీలీటర్లు పెంచండి. ఎం4 అంటే బియ్యం బస్తా ఎత్తుతాడని ఇంట్లోవాళ్లు అనుకోకుండా ముందే చెప్పండి. ఒకటి రెండు కిలోలు వంచగలిగితే మంచి ఫలితమే. పూర్తి బలం రావడానికి ఏడాదిన్నర, రెండేళ్లు.

ఊపిరితో పని లేకుండా వంచడం తర్వాత దానంతటదే వస్తుంది, మెదడు దారి మార్చుకుంటుంది. తుమ్మినప్పుడు మాత్రం చెయ్యి ఉలిక్కిపడుతుంది, అది చాలాకాలం పోదు. వేడి టీ గ్లాసు ఆ చేతిలో పెట్టకండి.

మత్తుగది · గురువారం, ఉదయం 8:00

నొప్పి గురించి ఎవరూ అనలేదు. వేరు ఊడిన చేతిలో మంట, కరెంటు కొట్టినట్టు నొప్పి ఈ ఆపరేషన్‌తో తగ్గుతుందని చెప్పకండి. గాబాపెంటిన్, ప్రెగాబాలిన్, అమిట్రిప్టిలిన్ లాంటి నరాల నొప్పి మందులు విడిగా సాగాలి. రాత్రి నిద్ర లేని పేషెంటు పొద్దున వ్యాయామం చేయడు.

ఫిజియో_గుంటూరు · గురువారం, రాత్రి 9:20

ఇంత మంది ఇన్ని వివరాలు ఇచ్చారు, అందరికీ ధన్యవాదాలు. కాగితం మీద ఉండాల్సినవి ఇలా పెట్టాను, డిశ్చార్జి సమ్మరీ కిందే అతికించొచ్చు:

దెబ్బ తేదీ, ఆపరేషన్ తేదీ. ఊడిన వేర్లు ఏవి. ఇంతకుముందు భుజానికి ఏం చేశారు. కలిపిన నరం ఏది, కండరానికి ఎన్ని సెం.మీ. దూరంలో. పైన ఎక్కడ, దేంతో బిగించారు. కింద దేనికి అల్లారు. ఓటీలో మోచెయ్యి ఎన్ని డిగ్రీల దగ్గర నిలిచింది. ఎన్ని వారాల దాకా ఎంతవరకు చాపొచ్చు. భుజం పక్కకి ఎంతవరకు లేపొచ్చు. కదలిక ఏ నెలలో ఎదురుచూడాలి.

సూక్ష్మదారం · గురువారం, రాత్రి 9:55

బాగుంది మేడమ్. రెండు చేర్చండి. ఓటీలో మోచెయ్యి చాపినప్పుడు కుట్ల మధ్య దూరం ఎంత వచ్చిందో రాయాలి, 5 సెం.మీ. వచ్చిందా, నాలుగున్నర దగ్గరే ఆగిపోయామా. తొమ్మిదో నెలలో కండరం గట్టిపడుతున్నా చెయ్యి లేవకపోతే ఆ అంకె చూసే బిగువు సరిచేయడానికి మళ్లీ తెరవాలా వద్దా అన్నది తేలుతుంది. రెండోది, ఏ తొడ నుంచి తీశామో. రెండో గ్రాసిలిస్ అవసరమైతే అవతలి తొడకే వెళ్లాలి కదా.

వార్డు_సిస్టర్ · గురువారం, రాత్రి 10:05

డాప్లర్ కుట్టు ఉందో లేదో కూడా రాయించండి. ఆరో వారంలో ఫిజియో దగ్గర దాన్ని చూసి "కుట్టు తీయడం మర్చిపోయారు" అని ఫోన్లు వస్తాయి. డిశ్చార్జి రోజే మేము తీసేస్తాం అనుకోండి, అయినా రాస్తే మంచిది.